విటమిన్ ఇ క్యాప్సూల్ గుచ్చి మచ్చ మీద రాస్తే నిజంగా పోతుందా?

చిన్నమువ్వ
మోచేతి కింద కాలిన మచ్చ ఉంది. మరిగే నూనె చిందింది. పుండు మానింది, పైన లేత గులాబీ రంగు చర్మం వచ్చింది, ఇప్పుడది గోధుమ రంగుకు తిరుగుతోంది. చూసినవారందరిదీ ఒకటే మాట: "విటమిన్ ఇ క్యాప్సూల్‌ను సూదితో గుచ్చి ఆ నూనె రాయి, మచ్చ మాయమైపోతుంది." కొన్ని వారాలుగా రోజూ రాత్రి రాస్తున్నాను. మచ్చ తగ్గకపోగా ఈమధ్య దాని చుట్టూ ఎర్రబడి, సన్నని పొక్కులు లేచి, విపరీతంగా దురద పెడుతోంది. మందు పనిచేస్తోందనడానికి అదే గుర్తు అంటున్నారు మా పిన్ని. ఆపాలా, కొనసాగించాలా? అసలు ఈ విటమిన్ వల్ల చర్మానికి మేలు ఉందా, లేక ఒకరు చెప్పిన మాటనే అందరూ వల్లె వేస్తున్నారా?

గోరింట
ఆపకండి. నా మోకాలి మీద దెబ్బ మచ్చ ఇలాగే పోయింది. ఓపిక కావాలి, ఏడాది పట్టింది.

ఔషధశాల
వెంటనే ఆపండి. దురద, ఎరుపు, పొక్కులు పనిచేస్తున్న గుర్తు కాదు, చర్మానికి అది పడటం లేదన్న గుర్తు. దీన్ని కాంటాక్ట్ డెర్మటైటిస్ అంటారు. ఉన్న నూనెను సున్నితమైన సబ్బుతో కడిగేయండి. రెండు మూడు రోజుల్లో తగ్గకపోయినా, నీరు కారినా, వాపు పెరిగినా చర్మవైద్యులకు చూపించండి. మందుల దుకాణంలో కూర్చునే మనిషిని కాబట్టి చెబుతున్నాను: క్యాప్సూల్ మింగడానికి తయారుచేసినది. చర్మం మీద ఎంత గాఢతలో రాయవచ్చో చూసి చేసినది కాదు.

నాలుగోబెంచి
ఒకరికి మచ్చ పోయింది, ఒకరికి పొక్కులు వచ్చాయి. మూడోవారు ఎవరి మాట వినాలి?

అణువు
ఇద్దరి మాటా కాదు, పరీక్షించి చూసినవారి మాట వినాలి. 1999లో మయామీ విశ్వవిద్యాలయ చర్మవైద్యులు ఇదే ప్రశ్న తీసుకున్నారు. చర్మ క్యాన్సర్ తొలగించుకున్న 15 మందిని ఎంచుకుని, ఒక్కొక్కరి మచ్చను రెండు సగాలుగా భావించారు. ఒక సగానికి మామూలు లేపనం, రెండో సగానికి అదే లేపనంలో విటమిన్ ఇ కలిపినది. ఏ గొట్టంలో ఏముందో రాసుకునేవారికీ తెలియదు, చూసే వైద్యులకూ తెలియదు. చివరికి 90 శాతం సందర్భాల్లో విటమిన్ ఇ వల్ల తేడా ఏమీ లేదు, లేదా మచ్చ ఇంకా వికారంగా కనిపించింది. మూడింట ఒక వంతు మందికి చిన్నమువ్వ గారికి వచ్చినట్టే ఎర్రబడి దురద పుట్టింది.

నాకు అందులో నచ్చినది ఆ సగం-సగం పద్ధతి. చర్మం అదే, వయసు అదే, ఎండ అదే. వాదించడానికి సందు లేదు.

గోరింట
15 మందితో తేల్చేస్తారా? నా మచ్చ పోయిన మాట నిజం కదా.

అణువు
చిన్న పరీక్షే, ఒప్పుకుంటాను. కానీ మీ మోకాలి విషయంలో ఒకటి ఆలోచించండి. మచ్చలు వాటంతట అవే ఏడాది, ఏడాదిన్నర వరకు మారుతూ ఉంటాయి. ఎరుపు తగ్గుతుంది, గట్టిదనం పోతుంది, అంచులు చుట్టూ ఉన్న చర్మంలో కలుస్తాయి. మీరు ఏడాది పాటు రాశారు, ఆ ఏడాదిలోనే మచ్చ తన పని తాను చేసుకుంది. పైగా రోజూ వేలితో రుద్దారు. మర్దన వల్ల మచ్చ మెత్తబడుతుందని వైద్యులూ చెబుతారు. ఫలితం మీ వేలిది కావచ్చు, పేరు మాత్రం క్యాప్సూల్‌కు వచ్చింది.

గోరింట
మర్దన సంగతి నాకు తట్టలేదు. కొంత నిజం ఉండవచ్చు. అయినా నాకు హాని జరగలేదు కాబట్టి అందరికీ చెడ్డదని అనను.

సాయంకాలం
ముఖానికి రాసేవారు నా సంగతి వినండి. కళ్ల కింద నల్లని వలయాలకని క్యాప్సూల్ నూనె రాసుకునేదాన్ని. అది తేనె కన్నా చిక్కగా ఉంటుంది. వేళ్ల మధ్య తీగలు సాగుతుంది, దిండు గలీబుకు పసుపు మరకలు పడతాయి, ఎన్ని ఉతుకులకూ పోవు. కొన్నాళ్లకు కళ్ల కింద ఆవగింజలంత తెల్లని గట్టి పొక్కులు వచ్చాయి. పిండితే రావు. చర్మవైద్యురాలు చూసి, మిలియా అన్నారు. అంత బరువైన నూనెలు కళ్ల దగ్గర వద్దని చెప్పి, సన్నని సూదితో ఒక్కొక్కటీ తీశారు. నల్లని వలయాలు మాత్రం చెక్కుచెదరలేదు.

బడిగంట
మొటిమలు వచ్చే చర్మం ఉన్నవారైతే ఇంకా జాగ్రత్తగా ఉండాలి. మా పెద్దమ్మాయికి గడ్డం చుట్టూ ఒకేసారి విరుచుకుపడ్డాయి.

వెన్నెలదారి
అందరూ కలిసి దాన్ని మరీ దోషిని చేస్తున్నారు. నా మడమలు పగిలి రక్తం వచ్చేవి. విటమిన్ ఇ ఉన్న క్రీము రాసి మేజోళ్లు వేసుకుని పడుకుంటే వారంలో మెత్తబడతాయి. పెదవులకూ అంతే. నాకు మాత్రం అది లేకపోతే గడవదు.

ఔషధశాల
వెన్నెలదారి గారూ, మీరు చెప్పినది సరైన వాడకమే. పొడి చర్మం మీద నూనె పొర ఉంటే లోపలి తేమ ఆవిరి కాదు. అయితే ఆ మేలులో ఎక్కువ భాగం క్రీములోని మిగతా నూనెలది, మైనాలది. పెట్రోలియం జెల్లీ రాసినా మడమ మెత్తబడుతుంది. చాలా క్రీముల్లో విటమిన్ ఇ వేసేది కొద్దిగానే, అది కూడా క్రీములోని నూనెలు పాడుకాకుండా ఉండటానికి. ఆ కొద్ది మోతాదు చాలా మందికి సరిపడుతుంది. గుచ్చిన క్యాప్సూల్‌తో దాన్ని పోల్చలేం.

పెద్దకళ్లజోడు
నూనెలు పాడుకాకుండా అంటే ఎలా? విటమిన్‌కూ నూనె నిల్వకూ సంబంధం ఏమిటి?

అణువు
అసలు కథంతా అక్కడే ఉంది, కాస్త వివరంగా రాస్తాను.

సీసాలో నూనె పాతబడితే చెడు వాసన వస్తుంది కదా. గాలిలోని ఆక్సిజన్ కొవ్వు అణువును పట్టుకుంటుంది, అది పక్కదాన్ని చెడగొడుతుంది, పక్కది ఆ పక్కదాన్ని. ఒక్కసారి మొదలైతే గొలుసులా సాగుతుంది. విటమిన్ ఇ మధ్యలో దూరి తన హైడ్రోజన్‌ను ఇచ్చి ఆ గొలుసును తెంపుతుంది. అందుకే గింజలు తమ నూనెను కాపాడుకోవడానికి దాన్ని తయారుచేసుకుంటాయి. మన శరీరంలో ప్రతి కణం చుట్టూ ఉన్న పొర కూడా కొవ్వుతో చేసినదే. అక్కడ కూడా అదే గొలుసు మొదలవుతుంది, విటమిన్ ఇ అదే పని చేస్తుంది.

తెంపిన తర్వాత విటమిన్ ఇ అలసిపోయిన స్థితిలో ఉంటుంది. దాన్ని మళ్లీ పనికి సిద్ధం చేసేది విటమిన్ సి. ఒకటి కొవ్వులో ఉంటుంది, మరొకటి నీటిలో ఉంటుంది, రెండూ పొర అంచున కలుసుకుంటాయి. ఈ జోడీ చాలా ముఖ్యం.

ఇక చర్మం. ముఖం మీద ఊరే జిడ్డు అందరికీ విసుగే. కానీ లోపలి విటమిన్ ఇ చర్మం పైకి చేరే దారుల్లో అది ముఖ్యమైనది. తిన్నది రక్తంలోకి, అక్కడి నుంచి తైలగ్రంథుల్లోకి, జిడ్డుతో కలిసి పై పొరకు చేరుతుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలినప్పుడు ముందుగా ఖర్చయ్యేవాటిలో ఇదీ ఒకటి. చర్మానికి దీని వల్ల మేలు లేదని ఎవరూ అనరు. నేను కాదనేది మచ్చ మాయమవుతుందన్న మాటనే.

సాయంకాలం
అయితే పైన రాసే సీరమ్‌ల సంగతి? విటమిన్ సి, ఇ కలిపి అమ్ముతున్నారు.

అణువు
వాటికి కొంత ఆధారం ఉంది. డ్యూక్ విశ్వవిద్యాలయంలో చేసిన పని 2005లో అచ్చయింది. 15 శాతం విటమిన్ సి, 1 శాతం విటమిన్ ఇ కలిపిన ద్రావణం పంది చర్మానికి ఎండ దెబ్బ నుంచి సుమారు నాలుగు రెట్లు రక్షణ ఇచ్చింది. దానికి మొక్కల్లో దొరికే ఫెరూలిక్ ఆమ్లం 0.5 శాతం చేర్చితే ద్రావణం తొందరగా పాడవకుండా నిలిచింది, రక్షణ ఎనిమిది రెట్లకు పెరిగింది. చూడండి, విటమిన్ ఇ ఒక్క శాతమే. క్యాప్సూల్‌లోని చిక్కదనంతో పోలిస్తే ఎంత తక్కువో.

నాలుగోబెంచి
ఎనిమిది రెట్లంటే సన్‌స్క్రీన్ మానేయవచ్చా?

సాయంకాలం
వద్దు! చర్మవైద్యురాలు నాకు మొదట చెప్పినదే అది. సీరమ్ కింద, సన్‌స్క్రీన్ పైన. ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదని కాదు. ఇంకో సంగతి, మా ఇంట్లో సీరమ్ సీసా లేత పసుపు నుంచి ముదురు గోధుమ రంగులోకి మారింది, వాడవచ్చా?

ఔషధశాల
అంత ముదిరితే అందులోని విటమిన్ సి చాలావరకు ఆక్సీకరణం చెందినట్టే. పారేయండి. కొత్తదాన్ని వెలుతురు తగలని చోట మూత బిగించి ఉంచండి. కొత్తది ఏదైనా ముఖానికి రాసేముందు మోచేతి లోపలి వైపు రూపాయి బిళ్లంత మేర కొన్ని రోజులు రాసి చూడండి. ఈ రకం దురద రాసిన గంటలోనే రాదు, ఒకటి రెండు రోజులు ఆలస్యంగా వస్తుంది. చిన్నమువ్వ గారిలా కొన్ని వారాలు బాగానే ఉండి తర్వాత మొదలుకావడం కూడా మామూలే.

వెన్నెలదారి
పైన రాయడం సరే. లోపలికి తీసుకోవడం? ముఖంలో కళ వస్తుందని రోజుకొక క్యాప్సూల్ మింగేవారు నాకు చాలా మంది తెలుసు.

బడిగంట
తిండితో వచ్చేదానికి క్యాప్సూల్ ఎందుకు? గుప్పెడు పొద్దుతిరుగుడు గింజలు, బాదం పప్పులు, ఏదైనా ఆకుకూర తింటే చాలు.

అణువు
బడిగంట గారి మాటకు లెక్క జోడిస్తాను. పెద్దవారికి రోజుకు 15 మి.గ్రా. చాలని అమెరికా ప్రమాణం. పాలిచ్చే తల్లులకు 19. వేయించిన పొద్దుతిరుగుడు గింజలు 28 గ్రాముల్లో 7 మి.గ్రా. పైనే ఉంటుంది, బాదంలో దాదాపు 7, వేరుశనగలో 2 పైచిలుకు. గోధుమ మొలక నూనె ఒక పెద్ద చెంచాలో 20 మి.గ్రా. ఇది కొవ్వులో కరిగే విటమిన్ కాబట్టి భోజనంలో కాస్త నూనె ఉంటేనే ఒంటబడుతుంది. గింజల్లో ఆ నూనె ఎలాగూ ఉంటుంది.

వెన్నెలదారి
మా ఇంట్లో బాదం డబ్బాను ఏ అటక మీద దాచినా పిల్లలు పసిగట్టేస్తారు. వాళ్లకు విటమిన్ ఇ లోటు ఈ జన్మకు రాదు.

పెద్దకళ్లజోడు
అమెరికా పరిమితి రోజుకు 1000 మి.గ్రా. వరకు ఉంది కదా. దుకాణాల్లో దొరికే 400 క్యాప్సూల్ మింగితే వచ్చే నష్టం ఏమిటి? అనవసరంగా భయపెడుతున్నారేమో.

అణువు
ఐరోపా వారి పరిమితి 300 మి.గ్రా. మాత్రమే. అయితే పరిమితుల కన్నా బలమైన ఆధారం ఉంది. ప్రొస్టేట్ క్యాన్సర్‌ను ఆపుతుందేమోనన్న ఆశతో 35 వేల మందికి పైగా పురుషుల మీద సెలెక్ట్ అనే పెద్ద పరీక్ష జరిగింది. రోజుకు 400 ఐయూ (విటమిన్లను కొలిచే అంతర్జాతీయ కొలమానం) విటమిన్ ఇ ఇచ్చారు. లాభం కనిపించక 2008లో మాత్రలు ఆపించారు. 2011లో మళ్లీ లెక్క చూస్తే, విటమిన్ ఇ ఒక్కటే తీసుకున్నవారిలో ఆ క్యాన్సర్, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారి కన్నా 17 శాతం ఎక్కువగా ఉంది. ఏ జబ్బును ఆపాలనుకున్నారో అదే పెరిగింది. గుండె జబ్బుల మీద 2000లో వచ్చిన హోప్ పరీక్షలోనూ 400 ఐయూ వల్ల ఏ మేలూ కనిపించలేదు. ఏ లోటూ లేని మనిషి ముఖంలో కళ కోసం ఏళ్ల తరబడి అంత మోతాదు మింగడానికి కారణం నాకు కనిపించదు.

ఔషధశాల
డబ్బా మీద అంకెను కూడా సరిగా చదవండి. కొన్నిటి మీద ఐయూ అని, కొన్నిటి మీద మి.గ్రా. అని ఉంటుంది. 400 ఐయూ అంటే సహజ రూపంలో 268 మి.గ్రా., కృత్రిమ రూపంలో శరీరానికి పనికొచ్చేది సుమారు 180. ఏ లెక్కన చూసినా రోజుకు కావలసిన 15కు పన్నెండు రెట్లకు తగ్గదు.

తీరిక
ఇంతసేపు చదువుతూ ఊరుకున్నాను, ఇక ఊరుకోలేను. మావారికి కాలేయంలో కొవ్వు చేరి వాపు వచ్చింది. మధుమేహం లేదు. బయాప్సీ (కాలేయం నుంచి చిన్న ముక్క తీసి చూసే పరీక్ష) చేసిన తర్వాత కాలేయ వైద్యులే రోజుకు 800 ఐయూ రాసిచ్చారు, ఆరు నెలలకోసారి పరీక్షలు చేస్తున్నారు. మీ రాతలు చూసి ఆయన మాత్రలు మానేస్తానంటున్నారు.

అణువు
మాననివ్వకండి! అది వేరే విషయం. మధుమేహం లేనివారిలో సరిగ్గా ఆ జబ్బుకే, సరిగ్గా ఆ 800 మోతాదే ఇచ్చి 96 వారాలు చూసిన పరీక్ష 2010లో వచ్చింది. విటమిన్ ఇ తీసుకున్నవారిలో 43 శాతం మందికి కాలేయం మెరుగుపడింది, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో 19 శాతం మందికే. జబ్బు నిర్ధారించి, మోతాదు రాసి, మధ్యలో కాలేయాన్ని చూసుకుంటూ ఉన్న వైద్యుడు ఉన్నారు. ఆయనకున్న భయాన్ని ఆ వైద్యుడితోనే మాట్లాడమనండి.

తీరిక
ఇప్పుడే చదివి వినిపించాను. ఊపిరి పీల్చుకున్నారు.

పెద్దకళ్లజోడు
మా నాన్నగారికి కూడా కంటి వైద్యులు ఇచ్చారు. వయసుతో వచ్చే మాక్యులా (కంటి రెటీనా మధ్యభాగం) క్షీణత, మధ్య దశ. అందులో విటమిన్ ఇతో పాటు విటమిన్ సి, జింక్ కూడా ఉన్నాయి. తీరిక గారిలాగే నాకూ భయం వేసి అందుకే పరిమితి గురించి అడిగాను.

అణువు
2001లో వచ్చిన ఆరెడ్స్ పరీక్ష ఆధారంగా ఇచ్చే కలయిక అది. ఆ దశలో ఉన్నవారికి జబ్బు ముదిరే అవకాశాన్ని సుమారు 25 శాతం తగ్గించింది. పోయిన చూపును తిరిగి తేదు, కళ్లు బాగున్నవారికి అవసరం లేదు. నాన్నగారు కొనసాగించవచ్చు.

బడిగంట
లోటు ఎలా ఉంటుందో కళ్లారా చూశాను కాబట్టి చెబుతాను. మా అక్క కొడుక్కి పుట్టుకతోనే పిత్తనాళాల సమస్య. పిత్తరసం పేగులోకి సరిగా రాకపోతే కొవ్వు ఒంటబట్టదు, దాంతో ఈ విటమిన్ కూడా. వాడు పరుగెత్తితే తూలేవాడు. వెలుతురులో బాగానే నిలబడతాడు, దీపం ఆర్పితే గోడ పట్టుకోవాలి. వైద్యుడు మోకాలి చిప్ప కింద రబ్బరు సుత్తితో కొట్టారు. కాలు ఎగరాలి, ఎగరలేదు. మళ్లీ కొట్టారు, కదల్లేదు. మా అక్క ముఖం చూడలేకపోయాను. నీటిలో కలిసేలా చేసిన విటమిన్ ఇ మందు మొదలుపెట్టారు, ఇప్పుడు నడక చాలా కుదుటపడింది. దీని లోటు ముందుగా దెబ్బతీసేది నరాలను. ముఖంలో కళ తగ్గిందని లోటు ఉందనుకునేవారు ఇది గుర్తుంచుకోవాలి.

సాయంకాలం
బాబు ఇంకా బాగా కోలుకోవాలి. మామూలుగా తిని అరిగించుకునేవారికి ఇంత లోటు రాదు కదా?

ఔషధశాల
చాలా అరుదు. కొవ్వు ఒంటబట్టని జబ్బులు, కొన్ని వంశపారంపర్య లోపాలు, నెలలు నిండకుండా పుట్టిన పిల్లలు. దాదాపు అంతే.

చిన్నమువ్వ
నూనె ఆపేశాను, దురద తగ్గుతోంది. కానీ ఇవన్నీ చదువుతుంటే మరో దిగులు పట్టుకుంది. మచ్చకని తెచ్చిన డబ్బాలోంచే అమ్మ కూడా రోజూ ఒకటి మింగుతున్నారు, కాళ్ల పిక్కలు పట్టేస్తున్నాయని. ఆవిడకు గుండె కవాటం మార్చారు, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడతారు. ఈమధ్య పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి రక్తం వస్తోంది. ముంజేతి మీద దెబ్బ తగలకుండానే నల్లగా కమిలింది. దీనికీ క్యాప్సూల్‌కూ సంబంధం ఉంటుందా?

ఔషధశాల
ఉండవచ్చు. మిగతా చర్చ పక్కన పెట్టి ఈ పని ముందు చేయండి. ఈ రోజే అమ్మగారి గుండె వైద్యులకు ఫోను చేసి, క్యాప్సూల్ పేరు, మోతాదు, చిగుళ్ల రక్తం, కమిలిన చోటు అన్నీ చెప్పండి. రక్తం ఎంతసేపటికి గడ్డకడుతోందో చూసే ఐఎన్ఆర్ పరీక్ష వెంటనే చేయించమంటారు. క్యాప్సూల్ ఆపండి. వార్ఫరిన్‌ను మాత్రం మీ అంతట మీరు ఆపవద్దు, కవాటం మీద రక్తం గడ్డకడితే అది ఇంకా ప్రమాదం. నల్లటి విరేచనం, మూత్రంలో రక్తం, ఆగని ముక్కు రక్తం, తీవ్రమైన తలనొప్పి, ఒక పక్క చేయి కాలు బలహీనపడటం, వీటిలో ఏది కనిపించినా ఫోను కోసం చూడకుండా అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి.

అణువు
కారణం కూడా తెలిస్తే అమ్మగారికి చెప్పడం తేలిక. రక్తం గడ్డకట్టడానికి విటమిన్ కె కావాలి. వార్ఫరిన్ దానికి అడ్డుపడుతుంది. ఎక్కువ మోతాదులో విటమిన్ ఇ కూడా విటమిన్ కె పనికి అడ్డుపడుతుంది, పైగా ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అంటుకోవడాన్ని తగ్గిస్తుంది. రెండూ ఒకే వైపు లాగుతాయి.

గోరింట
చిన్నమువ్వ గారూ, ముందు అమ్మగారిని చూసుకోండి. మచ్చ ఎక్కడికీ పోదు. ఏ సంగతీ ఇక్కడ రాయండి, ఎదురుచూస్తుంటాం.

చిన్నమువ్వ
వైద్యులు సాయంత్రమే రమ్మన్నారు. ఐఎన్ఆర్ ఉండాల్సినదానికన్నా ఎక్కువగా ఉంది. క్యాప్సూల్ పూర్తిగా మాన్పించారు, వార్ఫరిన్ మోతాదు సరిచేశారు, వారంలో మళ్లీ పరీక్ష. "విటమినే కదా, మందు కాదు కదా అని మీకు చెప్పలేదు" అన్నారు అమ్మ. ఆయన కోప్పడలేదు. మింగేది ఏదైనా, మూలికైనా సరే, ఇక్కడ రాయాలంటూ ఆవిడ పుస్తకం చివరి పేజీలో ఒక గీత గీసి ఇచ్చారు. పిక్కల నొప్పికి వేరే కారణం వెతుకుతామన్నారు.

తీరిక
ఆ వైద్యుడికి నా నమస్కారాలు.

వెన్నెలదారి
నేను చెప్పిన ఆ "రోజుకొకటి మింగేవారి"లో ఇద్దరు రక్తం పలుచన చేసే ఆస్పిరిన్ వాడతారు. ఈ చర్చ వాళ్లకు పంపిస్తున్నాను.

గోరింట
మరి కాలిన మచ్చకు ఏది వాడాలో ఎవరూ చెప్పలేదు.

ఔషధశాల
సిలికాన్ జెల్ లేదా సిలికాన్ పట్టీ. మచ్చ ఉబ్బకుండా ఉండటానికి చర్మవైద్యులు ముందుగా చెప్పేది అదే. నెలల తరబడి వాడాలి. ఎండ తగిలితే రంగు ముదురుతుంది కాబట్టి పొడుగు చేతుల చొక్కా, లేదా సన్‌స్క్రీన్. మీరు చేసిన మర్దన కూడా, వాసన లేని మామూలు మాయిశ్చరైజర్‌తో. చిన్నమువ్వ గారు మాత్రం దురద పూర్తిగా పోయాకే ఇవన్నీ మొదలుపెట్టాలి.

నాలుగోబెంచి
చివరిగా ఒకటి. వచ్చే వారం నాకు జ్ఞానదంతం కోసి తీస్తారు. జుట్టు కోసం నెల రోజులుగా 400 క్యాప్సూల్ వేసుకుంటున్నాను. రక్తం పలుచన చేసే మందులేవీ లేవు. చెప్పాలా?

ఔషధశాల
చెప్పాలి, అదీ ఇప్పుడే, ఆ రోజు కుర్చీలో కూర్చున్నాక కాదు. కోత ఉన్న ఏ చికిత్సకైనా ముందు ఇలాంటి క్యాప్సూళ్లు ఆపమంటారు. ఎన్ని రోజుల ముందన్నది దంతవైద్యులు చెబుతారు. ఫోను చేసేటప్పుడు డబ్బా చేతిలో ఉంచుకోండి, వెనుక చిన్న అక్షరాల్లో ఉన్న మోతాదు చదివి వినిపించాలి.